గడ పట్టే చేతులు

కైరోల్లాకు డెబ్బై ఏళ్లు నిండిన రోజున ఇంట్లో పెళ్లంత సందడి జరిగింది. డెబ్బై నిండాయని దిగులుపడే మగవాళ్లను రౌషన్ చాలామందినే చూసింది. ఎప్పుడు నిండుతాయా అని ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూసింది, ఆ ఒక్కణ్ణే ఏరి కోరి కట్టుకుంది. పోల్‌వాల్ట్ పోటీల్లో గడ ఊతంతో అడ్డకర్ర మీంచి ఎగిరే ముసలివాళ్ల లెక్కే వేరు. అరవై తొమ్మిదేళ్లవాడు అరవై అయిదేళ్లవాళ్లతో పోటీపడి ఓడిపోతాడు. డెబ్బైలో అడుగు పెట్టగానే వాడే తన గుంపులో కుర్రవాడు. అందుకోవలసిన రికార్డు కూడా కాస్త కిందికి దిగివస్తుంది. ఆ రోజు చుట్టాలు గుర్రపు మాంసం పళ్లెం నిండా వడ్డిస్తే, "ఒళ్లు పెరిగితే నా గడ ఊరుకోదు" అంటూ రెండు ముక్కలు నోట్లో వేసుకుని చెయ్యి కడుక్కున్నాడు.

డెబ్బై ఏళ్లవాళ్లలో ఖజక్ దేశపు రికార్డు రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. అది తెకెలి గనుల ఊళ్లో ఉండే అంతోన్‌ది. అంతోన్, కైరోల్లా పడుచువాళ్లుగా ఉన్నప్పటి నుంచి ఒకరి మీద ఒకరు పోటీపడుతూ, ఒకరి గడలు ఒకరు వాడుకుంటూ, ఒకే రైలుపెట్టెలో తిట్టుకుంటూ తిరిగినవాళ్లు. అంతోన్ నిరుడు ఆకు రాలే కాలంలో పోయాడు. బతుకంతా గాల్లోకి ఎగిరిన మనిషి మంచం మీద, నిద్రలో పోయాడు. ఇప్పుడు కైరోల్లాకు కావలసింది ఆ ఎనభైకి పైన ఒక్క సెంటీమీటరు. ఆ ఒక్క సెంటీమీటరు రౌషన్ కంటిమీద కునుకు లేకుండా చేసింది.

ఆమెకు రికార్డుల మీద మోజు లేదు. ఆమె కాచుకున్నది మొగుడు ఇచ్చిన మాట కోసం. చలికాలంలో ఒకరోజు తమ ఊరు తల్దికొర్గాన్‌లోని బడి మైదానంలో సాధన చేస్తుండగా గడ నిలువునా లేచి అక్కడే ఆగిపోయింది. పరుగులో ఊపు చాలలేదు. పరుపు మీద పడవలసిన మనిషి వచ్చిన దారినే వెనక్కి జారి, గడ మొన గుచ్చే గుంట పక్కన వెల్లకిలా పడ్డాడు. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కట్టు కట్టిన పక్కటెముకలతో మంచం మీద పడుకుని, "అంతోన్‌గాడి రికార్డు ఒక్కటి దాటనీ. ఆ మర్నాడే గడ అటకెక్కించేస్తా. ఒట్టు" అన్నాడు. కైరోల్లా ఎన్నడూ ఉత్తినే ఒట్టు పెట్టినవాడు కాదు.

అతను పలుకులేకుండా పడి ఉన్న ఆ కాసేపట్లో రౌషన్ ఏం చేసిందో అతనికి తెలియదు. ఆమె గడ పట్టుకుంది. పడిన మొగుడి దగ్గరికి పరుగెత్తకుండా, పడబోతున్న గడను రెండు చేతులా ఒడిసిపట్టి, జాగ్రత్తగా గోడకు ఆనించి, అప్పుడు వెళ్లింది. తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది.

అలవాటు అటువంటిది మరి. ఫైబరు గడ మనిషి బరువును బట్టి తయారవుతుంది. ఒకరికి నప్పినది ఇంకొకరికి నప్పదు. కైరోల్లా బరువుకు సరిపడే గడ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, కొత్తది కొనే దారి లేదు. బడిలో పరుపు చుట్టూ అంతా సిమెంటు. గడ దాని మీద పడి గోరంత నొక్కు పడినా చాలు, మరుసటిసారి వంగినప్పుడు అక్కడే ఫట్‌మని విరుగుతుంది. విరిగిన ముక్క మనిషి ఒంట్లో దిగబడవచ్చు. అందుకే ఎగిరినవాడు చేతులు వదలగానే పక్కన ఉన్నవాళ్లు గడను పట్టుకోవాలి. అతను బడిలో వ్యాయామం నేర్పే రోజుల్లో పిల్లలు పట్టేవారు. ఉద్యోగం అయిపోయాక ఆ పని రౌషన్‌ది అయింది. మనిషి ఎగిరినప్పుడు ఆమె కళ్లు మనిషి మీద ఉండవు, గడ మీదే ఉంటాయి.

ఇంకో సంగతి కూడా ఆమె కడుపులో దాచుకుంది. పోయిన నెలలో అంతోన్ భార్య లిడియా ఫోన్ చేసింది. "ఆయన గడ కొట్టంలో పడుంది రౌషన్. పట్టుకుపొండి. ఇద్దరి బరువూ ఒకటే కదా" అంది. "వద్దు లిడియా, మా ఆయన మానేస్తున్నాడు" అని చెప్పి రౌషన్ ఫోన్ పెట్టేసింది. ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. ఎత్తితే ఆ ఒట్టు ఏ గాలికి కొట్టుకుపోతుందోనని ఆమె భయం.

మే నెలలో అల్మాటీలో పాత ఆటగాళ్ల పోటీలు పెట్టారు. కారు పైకప్పుకు గడ కట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరి వచ్చారు. దారి పొడుగునా కైరోల్లా వేళ్లతో స్టీరింగు మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. ఆ తాళం విన్నప్పుడల్లా రౌషన్ కిటికీలోంచి చెయ్యి పెట్టి పైకప్పు మీది తాళ్లు తడిమి చూసుకుంది. కొండల మీద ఇంకా మంచు ఉంది. లోయలోంచి గాలి అప్పుడే మొదలైంది, ఆగుతూ, ఉన్నట్టుండి తోస్తూ.

పాత ఆటగాళ్ల పోటీలంటే పనివాళ్లకు ఎప్పుడూ కరువే. ఎగిరేది ముసలివాళ్లు, అడ్డకర్ర పైకెత్తి పెట్టేది వాళ్ల పెళ్లాలూ కోడళ్లూ. రెఫరీ బోతగోజ్ నలభై ఏళ్ల చురుకైన మనిషి. రౌషన్ చేతికి కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఇచ్చి, ఎడమ స్తంభం దగ్గర నిలబెట్టి, పెద్దావిణ్ణి అక్కడివాళ్లు పిలిచినట్టే మర్యాదగా పిలిచింది.

"అపా, మీకు తెలియనిది కాదు, అయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. గడని ఎవరూ ముట్టుకోవద్దు. వెనక్కి, పరుగుబాట మీదకి పడుతుంటే పట్టుకున్నా పర్లేదు. అడ్డకర్ర వైపు పడేదాన్ని పట్టుకున్నారో, ఎగిరినాయన ఎంత బాగా ఎగిరినా లెక్కలోకి రాదు."

"తెలుసమ్మా. నీకన్నా ముందునుంచీ తెలుసు" అంది రౌషన్.

రెండు మోకాళ్లూ మార్పించుకున్న ఫోమిచ్ అనే అల్మాటీ రష్యన్ ముసలాయన బెంచీ మీద కూర్చుని కాళ్లకు పట్టీలు చుట్టుకుంటున్నాడు. ఆయనది డెబ్బై అయిదు దాటినవాళ్ల గుంపు.

"ఏవయ్యా కైరోల్లా, చచ్చినోడి రికార్డు మీద పడ్డావేంటి? బతికున్నోణ్ణి నేనున్నాగా, నా దాని జోలికి రా చూద్దాం."

"నీ దాన్ని కొట్టడానికి నేనెందుకు, మా మనవరాలు స్కిప్పింగు తాడు పట్టుకుని దాటేస్తుంది" అన్నాడు కైరోల్లా. నవ్వాడు గాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. జేబులోంచి ఎండిన పెరుగుండ, కుర్త్, ఒకటి తీసి రౌషన్ అతని చేతిలో పెట్టింది. అతను చప్పరించకుండానే దాన్ని తిరిగి ఆమె కోటు జేబులో పడేశాడు.

చిన్న ఎత్తులన్నీ సాఫీగానే గడిచాయి. ఫోమిచ్ తన ఎత్తేదో దాటి, ఇక చాలన్నట్టు చెప్పులు వేసుకున్నాడు. చివరికి కైరోల్లా ఒక్కడే మిగిలాడు. బోతగోజ్ అడ్డకర్రను పైకెత్తించి, ఇనుప కొలబద్ద పెట్టి రెండుసార్లు చూసుకుని, "రెండు ఎనభై ఒకటి. మూడు అవకాశాలు" అని ప్రకటించింది. మైదానంలో చప్పట్లు కొట్టినవాళ్లు పిడికెడు మంది. రౌషన్ కొట్టలేదు. ఆమె రెండు చేతులూ కొక్కెం కర్రను పట్టుకుని ఉన్నాయి, ఆ కర్ర చెమటతో జారుతోంది.

మొదటిసారి గాలి అడ్డం వచ్చింది. కైరోల్లా పరుగు మధ్యలోనే తడబడి, గడ గుచ్చకుండా గుంట దాటి పరుపు మీదికి పరుగెత్తి ఆగిపోయాడు. ఒకటి పోయింది. రౌషన్‌కు ఊపిరి ఆడింది, ఆడినందుకు తనను తానే తిట్టుకుంది. అతను దాటాలి. దాటకపోతే వచ్చే నెలలో ఇంకో ఊరు, ఆ పైనెలలో ఇంకో ఊరు, రాత్రుళ్లు ఆ పక్కటెముకలు పట్టుకుని మూలగడం, తను నిద్రపోయినట్టు నటించడం. ఇవాళ దాటేస్తే అన్నీ ఇవాళే అయిపోతాయి.

రెండోసారి అతను చాలాసేపు నిలబడ్డాడు. స్తంభానికి కట్టిన రిబ్బను వాలే వరకూ ఆగి, అప్పుడు కదిలాడు. ఆ పరుగు చూడగానే రౌషన్‌కు తెలిసిపోయింది, ఇదే అని. గడ గుంటలో పడింది, వంగింది, మనిషిని పైకి లేపింది. కాళ్లు దాటాయి, నడుం దాటింది. అతను చేతులు వదిలి అవతలికి జారాడు. వదిలేటప్పుడు గడను వెనక్కి నెట్టాలి. పడుచుతనంలో విసిరికొట్టేవాడు. ఇప్పుడు ఆ నెట్టడంలో బలం లేదు. గడ ఒంటరిగా నిలువునా నిలబడింది, ఊగింది, మెల్లగా ముందుకు ఒరిగింది.

కొక్కెం కర్ర కింద పడిన చప్పుడు రౌషన్‌కు తర్వాత వినిపించింది. అప్పటికే గడ ఆమె రెండు చేతుల్లో ఉంది.

అడ్డకర్ర కదలలేదు. పరుపు మీద కైరోల్లా వెల్లకిలా పడి పైకి చూస్తూ, "నిలిచింది. ముసలీ, నిలిచింది" అంటున్నాడు. బోతగోజ్ చేతిలో తెల్లజెండా సగం లేచి ఆగింది. రౌషన్ చేతుల్లో ఉన్నదాన్ని చూసి కైరోల్లా మోచేతుల మీద లేచాడు.

బోతగోజ్ నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. "అపా, నేను అడ్డకర్రనే చూస్తున్నా. గడ ఎటు పడుతోందో చూడలేదు. అవతలి స్తంభం దగ్గరాయన కూడా చూడలేదంటున్నాడు. ఎటు పడుతోంది?"

"ఎటేంటమ్మా, వెనక్కే" అన్నాడు ఫోమిచ్ బెంచీ మీంచి. "నేను చూశాగా. ఎవడబ్బ సొమ్ము పోతుందని ఈ తర్జనభర్జనలు? ఎత్తు జెండా."

"మిమ్మల్ని కాదు ఫోమిచ్, అపాని అడుగుతున్నా."

ఒక్క మాట చాలు. వెనక్కి, అంటే అయిపోతుంది. రికార్డు, ఒట్టు, అటక. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని అరచేతులకు వేరే సంగతి తెలుసు. పడేది వెనక్కైతే బరువు తన మీదికి రావాలి. ఇది తననే ముందుకు లాగింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాక కాదు, లిడియా సంగతి నెల రోజులు దాచింది. కాని మొగుడు తన కళ్లలోకి చూస్తాడు, చూస్తే తెలిసిపోతుంది. చచ్చిపోయిన స్నేహితుడి దగ్గర దొంగిలించిన సెంటీమీటరు పెట్టుకుని ఈయన ఏ ఒట్టు నిలబెట్టుకుంటాడు?

"ముందుకే పడింది" అంది రౌషన్. "అడ్డకర్ర మీదికే పోతోంది. నేను పట్టుకోకపోతే కర్ర పడిపోయేది."

ఎర్రజెండా లేచింది. ఫోమిచ్ నెత్తి కొట్టుకున్నాడు.

కైరోల్లా పరుపు దిగి వచ్చాడు. అరుస్తాడనుకుంది, అరిస్తే బాగుండుననుకుంది. అతను ఆమె చేతుల్లోంచి గడ తీసుకుని, మొన నుంచి కొస దాకా ఒకసారి చూసుకున్నాడు.

"నువ్వు పట్టినా పోయేదే, పట్టకపోయినా పోయేదే. నెట్టడం చేతకానిది నాకు" అన్నాడు.

"నేను స్టాండులోకి పోయి కూర్చుంటా. ఇక్కడుంటే నా చేతులు నా మాట వినవు."

"ఇక్కడే ఉండు. నువ్విక్కడ లేకపోతే నాకు ఎక్కడ దిగాలో తెలీదు."

"మరి చేతులు?"

"జేబులో పెట్టుకో."

కొక్కెం కర్రను ఇంకొకరికి ఇచ్చి, రౌషన్ రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకుంది. కుడి జేబులో రాయిలాంటి కుర్త్ తగిలింది. దాన్ని గుప్పిట్లో బిగించింది. దేవుడా ఈయన దాటాలి అనుకుంది. వెంటనే, దేవుడా ఈయన లేచి నడవాలి అనుకుంది. రెండింటిలో ఏది ముందు అడగాలో ఆమెకు తెలియలేదు. చలికాలం నాటి ఆ గుంట, ఆ పలుకులేని మొహం కళ్ల ముందుకొచ్చాయి. ఇవాళ గనక అలా పడితే గడ వైపు చూడకూడదు, మనిషి దగ్గరికే పరుగెత్తాలి అని మనసులో పదేపదే చెప్పుకుంది.

మూడోసారి అతను గాలి కోసం ఆగలేదు. వచ్చేశాడు. పరుగు ముందటి కంటే బరువుగా ఉంది. అరికాళ్ల చప్పుడు ఆమె గుండెల్లోనే పడుతోంది. గడ వంగింది, చాలా సేపు వంగే ఉంది, లేపుతుందో లేదో తెలియకుండా. ఆమె ఈసారి గడ వైపు చూడలేదు. జన్మలో మొదటిసారి మనిషి వైపు చూసింది. తెల్లటి పిల్లిగడ్డం, బిగపట్టిన పళ్లు, గాల్లో తలకిందులుగా కైరోల్లా. ఇన్నేళ్లుగా ఈ మనిషి పైన ఇలా ఉంటాడని ఆమెకు తెలియదు. పొట్ట అడ్డకర్రను ఒరుసుకుంటూ పోయింది. కర్ర వణికింది.

పక్కనే గడ వెనక్కి ఒరిగింది. వెనక్కే. పట్టుకోవచ్చు, తప్పు కాదు. అది ఆమెకు తట్టేసరికి చేతులు జేబుల్లో చిక్కుకుని ఉన్నాయి. గడ పరుగుబాట పక్కనున్న సిమెంటు గట్టు మీద పడి, ఒకసారి ఎగిరి, మళ్లీ పడింది.

అడ్డకర్ర వణుకు ఆగింది. అక్కడే ఉంది. తెల్లజెండా లేచింది. ఫోమిచ్ మార్పించుకున్న మోకాళ్లు మరిచిపోయి బెంచీ ఎక్కి నిలబడ్డాడు. పిడికెడు మందీ గోల గోలగా చప్పట్లు కొట్టారు.

పరుపు మీంచి కైరోల్లా తల ఎత్తాడు. అతను అడ్డకర్ర వైపు చూడలేదు, జెండా వైపు చూడలేదు.

"గడ?" అన్నాడు. "గడకేమన్నా అయిందా?"

రౌషన్ వంగి గడను ఒళ్లోకి తీసుకుంది. ఎప్పుడూ చేసినట్టే కళ్లు మూసుకుని అరచేతితో నిమురుకుంటూ వెళ్లింది. నడిమి వంపుకు కాస్త పైన వేలు ఆగింది. బియ్యపు గింజంత నొక్కు. గోరు పెడితే దిగింది. అతను ఆమె మొహం చూశాడు, చూసి మళ్లీ పరుపు మీద వెనక్కి వాలాడు.

తర్వాత అందరూ వచ్చి చేతులు కలిపారు. బోతగోజ్ మళ్లీ కొలిచి, సంతకాలు పెట్టించింది. ఫోమిచ్ గడను చూసి, "నరికి టమాటా మొక్కలకి ఊతం పెట్టుకో, ఇంక దేనికీ పనికిరాదు" అని, కైరోల్లా నవ్వకపోవడం చూసి ఊరుకున్నాడు. రౌషన్ కోరుకున్నదంతా జరిగిపోయింది. రికార్డు వచ్చింది, మనిషి కాళ్ల మీద నిలబడి ఉన్నాడు, గడ పోయింది. ఇంక ఒట్టు నిలబెట్టుకోవడానికి కష్టపడవలసిన పని కూడా లేదు.

కారు దగ్గర ఆమె ఫ్లాస్కులోంచి పాల టీ పోసి, నూనెలో వేపిన పిండి ఉండల, బౌర్సాక్‌ల, సంచి విప్పింది. అతను ఒక బౌర్సాక్ తీసి, తినకుండా వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తెల్లవారుజామున స్టీరింగు మీద తాళం వేసిన వేళ్లే అవి. ఇప్పుడు వాటికి ఏం చెయ్యాలో తెలియనట్టుంది. గడ పట్టీ రుద్దుకుని కాయలు కాసిన అరచేతులు ఒళ్లో బోర్లా పడి ఉన్నాయి. వీపు వంగింది. పొద్దున కారు దిగిన మనిషికీ, ఈ మనిషికీ పదేళ్ల తేడా కనిపించింది.

"ఎటూ మానేస్తానన్నా కదా" అన్నాడు. "మంచిదే అయింది. ఇంటికెళ్లి పడుకుంటా."

పడుకుంటా అన్న మాట రౌషన్‌ను ఎక్కడో గట్టిగా పొడిచింది. అంతోన్ పోయింది పడుకునే. అతను గడ వదిలి ఏడాది అయ్యాక పోయాడు. ఆ ఏడాదంతా కిటికీ దగ్గర కూర్చునే ఉండేవాడని లిడియా చెప్పింది. ఇన్ని నెలలుగా పడిపోతాడేమోనని భయపడింది తను. ఇప్పుడు కూర్చుని ఉన్న మనిషిని చూస్తుంటే అంతకంటే పెద్ద భయం వేసింది. మళ్లీ జేబులో బిగిసిపోయిన చెయ్యి ఆమె బయటికి తీసింది. కుర్త్ నొక్కుకుని అరచేతిలో ఎర్రటి గుంట పడి ఉంది.

"లిడియా పోయిన నెలలో ఫోన్ చేసింది" అంది.

"ఏ లిడియా?"

"ఎంతమంది ఉన్నారేంటి మనకి. తెకెలి లిడియా."

"ఏమంటుంది?"

"అంతోన్ గడ కొట్టంలో పడుందంట. పట్టుకుపొమ్మంది."

కైరోల్లా బౌర్సాక్ తిప్పడం ఆపేశాడు.

"నువ్వేమన్నావు?"

"వద్దన్నా. నువ్వు మానేస్తున్నావని చెప్పా."

అతనికి కోపం వచ్చింది. దవడ కదిలింది. ఏదో అనబోయి, ఆమె అరచేతిలో ఉన్న గుంట చూసి ఆగాడు. తర్వాత, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా మెల్లగా అన్నాడు.

"వాడి బరువూ నా బరువూ ఒకటే."

"తెలుసు."

"ఒట్టు పెట్టా కదా."

"నాకే కదా పెట్టావు" అంది రౌషన్. "నేనే ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నా. బౌర్సాక్ తిను ముందు."

అతను తిన్నాడు. ఒకటి తిని ఇంకొకటి తీసుకున్నాడు. ఆమెకు పాత భయం మళ్లీ మొదలైంది. ఇంక చలికాలం దాకా, ఆ తర్వాత కూడా, ఇది ఇలాగే ఉంటుందని ఆమెకు తెలుసు. కైరోల్లా లేచి, విరిగినట్టే లెక్కైన గడను స్టేడియం గోడకు చేరేశాడు. కారు పైకప్పు మీది తాళ్లు విప్పి, చుట్టచుట్టి చెత్త డబ్బా వైపు నడిచాడు.

"ముసలాయనా" అని పిలిచింది. "ఆ తాళ్లు పారెయ్యకు."